బోరయ్య దించని కిరీటం

గుట్టకిందిపల్లికి ఒకే కాలంలో ఇద్దరు రాజులుండేవారు. ఒకరు మైసూరులో ఉండే మహారాజు. ఆయన్ని ఊళ్లో ఎవరూ కళ్లారా చూడలేదు. రెండో రాజు బోరయ్య. అతన్ని చూడనివాళ్లు గానీ, అతని చేత తిట్లు తిననివాళ్లు గానీ ఊళ్లో లేరు.

బోరయ్య రాజ్యకాలం ఏడాదికి ఒక రాత్రి, మర్నాడు పొద్దున కొంతసేపు. ఉగాది వెళ్లాక, కళ్లాల్లో గింజా ఆకాశంలో మబ్బూ లేని రోజుల్లో, వాన కోసం ఊరు రాయల ఆట ఆడించేది. విజయనగరమేలిన కృష్ణరాయలు కవులనూ గాయకులనూ శిల్పులనూ పిలిచి సన్మానించడం ఆ ఆటలోని కథ. యుద్ధాలు కూడా ఉండేవి గానీ, ఊరికి ఉన్న చెక్క కత్తి ఒక్కటే కాబట్టి వాటిని మాటల్లోనే ముగించేవాళ్లు. కవులకు సన్మానం చేస్తే వానెందుకు కురవాలో ఎవరూ అడగలేదు. కురవని ఏడు మాత్రం సన్మానంలో ఏదో లోపం జరిగిందని రాజును తప్పుపట్టేవాళ్లు.

మిగిలిన రోజుల్లో ఆ చక్రవర్తికి హొసకోట దారిలో రెండెకరాల మెట్ట, కొన్ని గొర్రెలు, పట్టమహిషి ఆంజినమ్మ. తన సేద్యం లేని రోజున పటేలు హనుమంతరాయుడి చేలో కూలికి పోయేవాడు. చక్రవర్తి కూలికి పోవడం ఆ సామ్రాజ్యంలో వింత కాదు.

అతనికి సింహాసనం వారసత్వంగా రాలేదు, కోపం వల్ల వచ్చింది. పావగడ సీమ సంగతి తెలిసిందే కదా, నాలుగు గట్లు దాటితే మైసూరు పోయి తెల్లదొరల రాజ్యం వస్తుంది. పడుచువాడుగా ఉన్నప్పుడు బోరయ్య ఒకరోజు తన చేలో పడిన మేకల గురించి, వాటిని వదిలిన మనిషి గురించి, ఆ మనిషిని కన్నవాళ్ల గురించి గట్టు మీద నిలబడి వివరిస్తున్నాడు. దొరల రాజ్యంలో మడక దున్నుతున్న ఒకాయన ఎద్దుల్ని నిలిపి, "ఎవర్నప్పా తిడతాండేది, మమ్మల్నేనా?" అని అడిగాడట. ఆ దారిన పోతున్న నాటకం మేష్ట్రు కొల్లప్పకు ఆ గొంతు విని కళ్లు చెమర్చాయి. అప్పటి రాయల వేషగాడికి ముందు పళ్లు ఊడిపోయి, పద్యాలన్నీ గాలిగా బయటికి పోతున్న రోజులవి. ఆ సాయంత్రమే పట్టాభిషేకం జరిగింది.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. ఆటలో రాయలు శాంతమూర్తి, కళాహృదయుడు. బోరయ్య ముఖానికి ఆ రెండూ అలవాటు లేవు. "కవీశ్వరా, నీ కవిత్వమునకు మిక్కిలి మెచ్చితిమి" అని అతనంటుంటే గొర్రెల దొంగను పట్టుకుని నిలేసినట్టే ఉండేది. కవి వేషగాళ్లు సన్మానం అందుకోవడానికి వెనకాడేవాళ్లు.

"రోంత నవ్వు బోరయ్యా," అనేవాడు కొల్లప్ప.

"నవ్వితే అర్దళం పగులుతాది," అనేవాడు బోరయ్య. అర్దళం అంటే వేషగాళ్లు ముఖానికి పూసుకునే పసుపుపచ్చ రంగు. అది పగిలినట్టు ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

ఏళ్లు గడిచే కొద్దీ ఊరు అలవాటు పడింది. కవుల్ని మెచ్చుకోవడమంటే కళ్లెర్ర చేసి మెచ్చుకోవడమేననీ, రాయలు కూడా అట్లాగే చేసి ఉంటాడనీ నమ్మింది.

అయితే ఆ రాజు గొంతులో సగం అతనిది కాదు. పద్యం మొదటి సగం బోరయ్య ఎత్తేవాడు. అక్కడికి అతని ఊపిరి అయిపోయేది. రెండో సగాన్ని తెర వెనక నుంచి నాగక్క అందుకునేది. ఆడమనిషి ఆట ఆడే గద్దె ఎక్కకూడదు కాబట్టి ఆమె తెర వెనక, పడిపోయిన భుజకీర్తులనూ చిరిగిన గడ్డాలనూ చుట్టూ పెట్టుకుని, గోనెపట్టా మీద కూర్చుని పాడేది. ఆ గొంతు లేస్తే బోరయ్య ముఖంలో కోపం తగ్గేది కాదు గానీ, రెండు కనుబొమల మధ్య కొంచెం జాగా ఏర్పడేది. ఊరు దాన్ని రాజు మందహాసంగా లెక్క వేసుకుంది.

నాగక్క మొగుడు మద్దెల వాయించేవాడు. అతను పోయాక ఆమె ఒంటరిగా, నాలుగు మేకలతో, పటేలు చేని అంచున ఉన్న గుడిసెలో ఉండేది. ఆ జాగా పటేలుదే. "ఉండండి" అని పటేలు తాత ఎప్పుడో ఒక్క మాట అన్నాడు. ఆ మాట మీదే గుడిసె నిలబడి ఉంది.

పటేళ్ల ఇంటికి ఇట్లా నోటి మాటలు ఇవ్వడం పాత అలవాటు. హనుమంతరాయుడి ముత్తాత ఇంకా పెద్ద మాట ఒకటి అని పోయాడు. ఆట అయిన మర్నాడు పొద్దున రాయలు వేషం తీయకుండా రచ్చకట్ట మీద కూర్చోవాలి. దానికి తెల్లారి కొలువని పేరు. కంబళి నేసేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు వచ్చి తమ పనితనం చూపాలి. రాయలు మెచ్చి ఈవి పలకాలి. కిరీటం కింద నుంచి వచ్చిన మాట ఏదైనా సరే, పటేలు ఇల్లు చెల్లించాలి. ముత్తాతగారు తన కీర్తి కోసం పెట్టిన కట్టు అది.

అయితే పటేళ్లు కీర్తిని కూడా కొలిచి ఖర్చు పెట్టే మనుషులు. ఎవరికి ఏమి పలకాలో ముందు రోజే రాజుకు కబురందేది. కంబళి నేసిన ఎర్రప్పకు పడి రాగులు. బుట్టలవాళ్లకు పాత పంచె. తెర వెనక పాడినామెకు రవికె గుడ్డ. బోరయ్య ఏటేటా పళ్లు కొరుకుతూ అవే పలికేవాడు. కవులకు మాన్యాలిచ్చిన ప్రభువు రవికె గుడ్డ దగ్గర ఆగిపోవడం అతనికి ఒళ్లు మండించేది. ఆ మంట ఇంటికొచ్చాక గొర్రెల మీద పోయేది.

యువ నామ సంవత్సరంలో మాత్రం ఆ మంట గొర్రెల దాకా రాలేదు.

ఆ ఏడు వేరుశనగ ధర బాగుందని పటేలు ఇంకో కళ్లం చేయదలిచాడు. దానికి నాగక్క జాగా చదునుగా కనిపించింది. ఆమెకు ముందే చెబితే ఆట రాత్రి గొంతు బాగా రాదేమోనని, కళల మీద గౌరవంతో చెప్పలేదు. ఆట జరుగుతుండగా బండ్లతో రాళ్లు తెచ్చి గుడిసె ముందు దింపించాడు. తెల్లారి ఇంటికి పోయిన నాగక్కకు పొయ్యి దగ్గరికి పోవడానికి దారి లేదు. ఆమె అదే కాళ్లతో కొలువుకు తిరిగి వచ్చింది. ఏడవలేదు. తన వంతు వచ్చేదాకా ఎర్రప్ప వెనక నిలబడింది. వంతు వచ్చాక ముందుకొచ్చింది.

"ఏమి విశేషము?" అని అడిగాడు రాజు, ఆనవాయితీ ప్రకారం.

"ఏముండాది సామీ. పాడి ఇంటికి పోతే ఇల్లు కనపళ్లేదు. రాళ్లుండాయి. పటేలప్ప కళ్లం చేస్తాడంట."

బోరయ్య పటేలు వైపు చూశాడు. పటేలు పక్కనే మంచం మీద కూర్చుని, రవికె గుడ్డ మడత సరిచేస్తున్నాడు.

ఆ మడతే బోరయ్యను రెచ్చగొట్టిందని తర్వాత అతను చెప్పుకునేవాడు. గుడిసె పోతోంది, రాళ్లు పడ్డాయి, అవన్నీ ఒక ఎత్తు. గుడ్డను అంచుకు అంచు కలిపి ఆప్యాయంగా మడతపెట్టడం ఒక ఎత్తు. రాజు లేచి నిలబడ్డాడు. రాత్రంతా ఏ యుద్ధంలోనూ ఎత్తని గొంతు ఎత్తాడు.

"గాయకురాలా, నీ గానమునకు మెచ్చితిమి. నీవు నివసించు జాగా, దాని చుట్టూ నీ మేకలు మేసేంత మేర, అందు పడియున్న రాళ్లతో సహా, ఆచంద్రార్కముగా నీకు ఇచ్చితిమి."

పటేలు గుడ్డ పక్కన పెట్టాడు. ఊరంతా తన ముఖం వైపే చూస్తోందని అతనికి తెలుసు. ముత్తాత మాట కాదంటే మూడు తరాల కీర్తి దుమ్ములో కలుస్తుంది. అతను తెలివైనవాడు. నవ్వాడు.

"ఇచ్చినావు, బాగుండాది. మా ముత్తాత మాట నేను కాదంటానా? రాయలిచ్చింది రాయలుండేంత వరకూ చెల్లుతాది. ఆ కిరీటం నీ తల మీదుండేంత సేపూ ఆ జాగా నాగక్కదే. దించినంక నువ్వు బోరయ్యవి, నేను పటేలుని. ఏమప్పా, న్యాయమేనా?"

ఊరు నవ్వింది. కొల్లప్ప కూడా నవ్వాడు. రాత్రంతా మోసిన కిరీటం, అర్దళం కింద దురద, సంకటి వేళ అవుతోంది. ఇంకెంతసేపు?

"న్యాయమే," అన్నాడు బోరయ్య. కట్ట దిగి, కిరీటంతోనే ఇంటికి నడిచాడు.

ఆ కిరీటం గురించి ఇక్కడ కొంత చెప్పాలి. తేలికైన చెక్కతో చేసి, కాకిబంగారం అంటించి, అద్దం ముక్కలు పొదిగిన సామ్రాజ్య లాంఛనం అది. తేలిక అన్న మాట ఒక రాత్రికి వర్తిస్తుంది. బోరయ్య దాన్ని దించలేదు. గవద కింద తువాలుతో కట్టుకుని గోడకానుకుని నిద్రపోయాడు. మెడ నుంచి కిందికే నీళ్లు పోసుకున్నాడు. లోపల దురద పుడితే కంబళి కుట్టే దబ్బనం దూర్చి గోక్కున్నాడు.

"సామీ చక్రవర్తీ," అంది ఆంజినమ్మ మూడో పొద్దున, "దొడ్లో పేడ ఎత్తల్ల. కిరీటంతో ఎత్తుతావా, నేనే ఎత్తల్లా?"

"ఎత్తుతా లే."

"వంగితే పడతాది."

"కూసోని ఎత్తుతా."

"కూసోని ఎత్తే రాజును కట్టుకుంటినే," అని ఆమె బుట్ట తెచ్చి ముందు పెట్టింది. ఆ తర్వాత కిరీటం గురించి ఆమె మొగుణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదు. పక్కింటివాళ్లెవరైనా అడిగితే మాత్రం, "మీ ఇంట్లో రాజు లేకపోతే మేమేం చేసేది?" అనేది.

నాగక్క కృతజ్ఞతతో కాళ్ల మీద పడుతుందని ఊరు ఎదురుచూసింది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి, "నిన్నెవరు ఇమ్మన్నారప్పా? నేనడిగితినా?" అంది.

బోరయ్యకు మండింది. "అయితే తీసేస్తా. పో, రాళ్లల్లో పండుకో."

"ఇచ్చినాక తీసేది ఏంది, చిన్నపిల్లోని మాదిరి," అని ఆమె వెళ్లిపోయి, ఆ మధ్యాహ్నమే మన్ను తొక్కడం మొదలుపెట్టింది. పటేలు దింపించిన రాళ్లు గోడకు సరిగ్గా సరిపోయాయి.

తొలకరికి బోరయ్య కిరీటంతో మడక దున్నాడు. ఎద్దులు మొదటి రోజు బెదిరాయి, రెండో రోజు మానేశాయి. మనుషులకు ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. పనికట్టుకుని గట్టు మీదికి వచ్చి చూసేవాళ్లు. వాళ్లలో కొందరు దగ్గరికొచ్చి, నాలుగు వైపులా చూసి, "బాగా చేస్తివి బోరయ్యా, ఆయప్పకు ఇట్లే కావల్ల" అని గుసగుసలాడేవాళ్లు. వాళ్లే పటేలు ఎదురైతే తువాలు చంకలో పెట్టుకుని వంగేవాళ్లు. నవ్వినవాళ్ల మీద కన్నా ఈ గుసగుసలవాళ్ల మీదే బోరయ్యకు ఎక్కువ కోపం వచ్చేది. "గట్టిగా చెప్పు. చెప్పలేకపోతే పోయి నీ పని చూసుకో," అనేవాడు. వాళ్లు పోయి పని చూసుకునేవాళ్లు.

పటేలు తన ప్రయత్నాలు తాను చేశాడు. గుడి తలుపు పొట్టిది కాబట్టి దేవుడి ప్రసాదానికి పిలిపించాడు. బోరయ్య దేవుణ్ణి బయటి నుంచే పలకరించాడు. మంగలిని పంపాడు. బోరయ్య గడ్డం మాత్రం చేయించుకున్నాడు. పటేలు తన చేలో కూలికి రావద్దన్నాడు. అది తగిలింది. ఆ ఏడు ఆంజినమ్మ రెండు గొర్రెల్ని తోలుకుపోయి హొసకోట సంతలో అమ్మింది. ఆ రాత్రి బోరయ్య ముద్ద ముట్టలేదు. కోపంతో గోడకు తల కొట్టుకోబోయి, కిరీటం గుర్తొచ్చి ఆగాడు.

వానకాలం మధ్యలో తాలూకా అమల్దారు పంటలు చూడ్డానికి గుర్రం మీద వచ్చారు. వేరుశనగ చేలో కలుపు తీస్తున్న కిరీటాన్ని చూసి గుర్రాన్ని ఆపారు.

"ఎవరది?" అన్నారు కన్నడంలో.

"రాజు, స్వామీ," అన్నాడు పటేలు, ఏమనాలో తోచక.

మహారాజావారి కొలువులో జీతం తీసుకునే మనిషికి ఇంకో రాజు తారసపడటం చిన్న విషయం కాదు. అమల్దారు గుర్రం దిగి వివరం అడిగారు. పటేలు సంగతిని వేడుకగా మార్చి చెప్పాడు. అమల్దారు బాగా నవ్వారు. నవ్వు ఆగాక, "అయితే కిరీటం ఉన్నంత వరకు ఆ జాగా ఆమెదేనని నువ్వు ఒప్పుకున్నట్టేనా?" అన్నారు.

అధికారి నవ్వుతున్నప్పుడు కాదనడం పటేళ్ల వల్ల అయ్యే పని కాదు. "ఒప్పుకున్నట్టే స్వామీ," అన్నాడు హనుమంతరాయుడు.

"పన్ను మాత్రం ఎవరికీ మాఫీ లేదు," అని అమల్దారు గుర్రమెక్కారు. ఆ రోజు నుంచి పటేలు గుడిసె మీద చెయ్యి వెయ్యలేకపోయాడు. కిరీటం కింద పడడం కోసం కాచుకోవడమే మిగిలింది.

అది ఎట్లాగో పడలేదు గానీ పాడైంది. వానకు కాకిబంగారం లేచిపోయింది. అద్దం ముక్కలు ఒకటొకటి చేలో రాలాయి. చెక్క ఉబ్బి తలకు పట్టేసింది. పంట నూర్పిళ్ల నాటికి అది చూడ్డానికి తిరగేసిన మట్టిదాకలా ఉంది. చక్రవర్తి చెవుల మీద పుండ్లు పడ్డాయి. ఆంజినమ్మ వాటికి వేపనూనె రాస్తూ, "ఇంగ చాల్లే" అనబోయి, మొగుడి కళ్లు చూసి, "తల నిలుపు, కదలద్దు" అని మాత్రం అంది.

చివరికి పటేలును ఓడించింది పటేలు ఇల్లే. కొడుకు రామాంజినప్ప తుమకూరులో రెండేళ్లు చదివి, అక్కడి నాటకాలు చూసి, ఇంటికొచ్చాడు. వచ్చే ఉగాది ఆటకు తానే రాయలు కావాలన్నాడు. అతనికి బోరయ్య అంటే ఎగతాళి, కిరీటమంటే ఆశ. కొత్తది చేయిస్తామంటే ఊరు ఒప్పుకోలేదు. పాత కిరీటం లేకుండా ఆడితే వాన రాదని పెద్దలన్నారు. పాత కిరీటంతో ఆడినప్పుడు రాని ఏళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పటేలు భార్య లక్ష్మీదేవమ్మ పొద్దునా సాయంత్రమూ మొగుడికి సంకటితో పాటు ఇదే వడ్డించింది.

"కళ్లం పెద్దదా, కొడుకు పెద్దోడా? ఆ మూరెడు జాగా పారేసి వాని తల మీది దాకను తెచ్చియ్యి."

ధాత నామ ఉగాదికి ముందు ఒక పొద్దున, పటేలు ఊరి లెక్కలు రాసే శ్యానుభోగును వెంటబెట్టుకుని బోరయ్య వాకిట్లోకి వచ్చాడు. కూలివాళ్ల వాకిలి తొక్కడం అతనికి అదే మొదలు. వెనకాల సగం ఊరు వచ్చింది.

"దించు బోరయ్యా."

"దించితే నేను బోరయ్యని, నువ్వు పటేలువి అంటివే."

"జాగా నాగక్క పేరున రాయిస్తా, ఈడనే, అందరి ముందర. కానీ ఒక మాట. ఇంగ నువ్వు రాయలు కాదు. ఈ ఏడే కాదు, ఎప్పుడూ. కిరీటం మా పిల్లోనిది."

ఏడాది పొడుగునా ఆ చెక్కను తల మీది నుంచి విసిరికొట్టాలని బోరయ్యకు చేతులు దురద పెట్టని రోజు లేదు. ఇప్పుడు దించమంటే మాత్రం, ఆ చేతులే పైకి లేవలేదు. ఉన్న రెండెకరాలూ కొండరాళ్లే. గొర్రెల్లో రెండు పోయాయి. అతనికంటూ ఉన్న మేలైన ఆస్తి ఆ ఒక్క రాత్రే.

"ముందు రాయించు," అన్నాడు.

శ్యానుభోగు రాశాడు, చదివాడు. "మేకలు మేసేంత మేర అనేది యాడ?" అని బోరయ్య అరిచి, అది కూడా చేర్పించాడు. పటేలు చేవ్రాలు చేశాక రెండు చేతులూ ఎత్తి కిరీటాన్ని పట్టుకున్నాడు. అది రాలేదు. ఎర్రప్ప వెనక నుంచి పట్టి లాగాల్సి వచ్చింది. కిరీటంతో పాటు జుట్టూ, చెవి పైన కొంత తోలూ వచ్చాయి. ఉత్త తల మీద గాలి తగులుతుంటే బోరయ్య పటేలు వైపు చూస్తూ, "తీసుకో. కడిగిచ్చి పెట్టుకోమను," అన్నాడు. ఆ తర్వాత బతికినంత కాలం అతను గద్దె ఎక్కలేదు.

నాలుగు రోజులకు పటేలు మనిషి ఒకడు కొల్లప్పను వెంటబెట్టుకుని నాగక్క ఇంటికి వచ్చాడు. ఆటకు ముందు పాటలు కలుపుకోవాలని పిలుపు. బోరయ్య ఆ ఇంటి రాతిగోడ నీడలోనే కూర్చుని తాడు పేనుతున్నాడు.

"పటేలప్ప పిలుస్తాండాడు నాగక్కా," అన్నాడు కొల్లప్ప. "రామాంజినప్పకు పద్యం సగంలో ఊపిరి తెగుతాంది. నువ్వు రావల్ల."

"గొంతు బాగలేదప్పా."

"ఇప్పుడే మేకల్ని పిలిస్తివి గదా, రచ్చకట్ట దాకా వినపడె."

"అది మేకలకు వేరే గొంతు."

"పటేలప్ప అడిగితే ఏమని చెప్పేది?"

"నాకు బుద్ధి పుట్టలేదని చెప్పు."

పటేలు మనిషి నోరు తెరిచాడు. ఆ జాగా ఎవరిదో గుర్తుచేసే మాట ఒకటి అతనికి నోటికి వచ్చి ఉంటుంది. రాతిగోడ వైపు చూశాడు. మేకల వైపు చూశాడు. నోరు మూసుకుని కొల్లప్పతో పాటు వెనక్కి నడిచాడు.

బోరయ్య నవ్వాడు. ముఖానికి అలవాటు లేని పని కాబట్టి అది దగ్గులా వినిపించింది.

"ఆడనీ ఆ పిల్లోణ్ణి. సగం సగం పద్యాలతో ఊరికి ఒక్క రాత్రిలో బుద్ధొస్తాది. నేను రాయలు కాదని పటేలు అన్న మాట పటేలుదే, ఊరిది కాదు. ఊరు వచ్చి నా కాళ్లు పట్టుకుంటాది. అప్పుడు నేను ఎత్తుతా, నువ్వు అందుకుంటావు. ఎప్పట్లాగా."

"చూద్దాం," అంది నాగక్క.

"చూద్దాం ఏంది?"

"చూద్దాం అంటే చూద్దామని."

"నేను గదా నీకు ఈ జాగా ఇచ్చింది?"

"నువ్వే ఇచ్చినావు. కాదంటినా? నాకే గదా ఇచ్చింది?"

"నీకే."

"మరి. పాడబుద్ధయితే పాడతా. పటేలుకైనా అంతే, ఆ పిల్లోనికైనా అంతే, నీకైనా అంతే."

బోరయ్య తాడు కింద పడేసి లేచాడు. ఏడాది పాటు తల పుండు చేసుకున్నందుకు ఇదా మాట? అనడానికి చాలా మాటలు గొంతు దాకా వచ్చాయి. ఒక్కోదాన్నీ పట్టి చూశాడు. ఏదీ అనదగ్గదిగా లేదు. ఆమె అప్పటికే మేకల వెంట అవతలికి వెళ్లిపోయింది.

ఇంటిదాకా తిట్టుకుంటూనే నడిచాడు. వాకిట్లో కాలు పెట్టగానే ఆంజినమ్మ ముఖం చూసి అడిగింది.

"ఈ పొద్దు ఎవరి మీద?"

బోరయ్య అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. తిట్టదగిన మనిషి ఒక్కరూ దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.